బోరులో పోసిన బెల్లం

ఫిల్మ్‌నగర్‌లో పని దొరికిందని చెప్పగానే మా మోతీనగర్ చర్చిలో క్వయర్ మొత్తం పాట ఆపేసి నా వైపు చూసింది. "ఏ సినిమా?" అన్నారు. సినిమా కాదు, ఒక షెడ్డు వెనక చెడిపోయిన మట్టినీ, దాని కింద చెడిపోయిన నీళ్లనీ బాగుచేసే పని అని చెప్పాను. చూపులన్నీ మళ్లీ పాటల పుస్తకాల్లోకి వెళ్లిపోయాయి. అప్పటినుంచి ఎవరడిగినా "అవునండీ, ఫిల్మ్‌నగర్‌లోనే" అని ఊరుకుంటున్నాను.

నా పేరు జెరూష. భూగర్భజలాల ఇంజినీర్ని. నాకు కోపం ఎక్కువని మా నాన్న బెన్సన్ గారు అంటారు. ఆయన పాస్టరు కనుక అబద్ధం ఆడరు. అయితే ఈ పని ఒప్పుకున్నాక నాకు వచ్చిన కోపాల్లో సగమైనా న్యాయమైనవేనని ఆయనే ఒప్పుకున్నారు.

ఆ షెడ్డు పట్టాభిరామయ్య గారిది. సినిమాలకు కిరీటాలు, గదలు, కత్తులు, పోలీసు డ్రెస్సులు, జడ్జి కుర్చీలు కిరాయికిచ్చే ప్రాపర్టీ కంపెనీ. డెబ్బై దాటిన మనిషి. తెనాలి మాట, తెల్ల పంచె, నోట్లో ఎప్పుడూ వక్కపొడి. గేటు పక్కనే ఒక సింహాసనం వేసుకుని కూర్చుంటారు. అది ఏ సినిమాలోదో ఆయనకే గుర్తులేదు. నడుంనొప్పికి హాయిగా ఉందని ఎవరికీ కిరాయికివ్వకుండా ఉంచేసుకున్నారు.

ఆయన నాన్నగారి కాలంలో షెడ్డు వెనక ఒక తొట్టి ఉండేది. ఇనప కత్తిని అందులో ముంచి తీస్తే అద్దంలా మెరిసేది. క్రోమియం పూత. ఆ తొట్టి అడుగు ఎప్పుడు పగిలిందో ఎవరూ చూడలేదు. పూత పని ఆగిపోయి చాలా ఏళ్లయినా, అప్పుడు నేలలోకి ఇంకిన పసుప్పచ్చటి విషం మాత్రం రిటైర్ కాలేదు. జూబ్లీహిల్స్ అంటేనే బండ. ఆ బండ పగుళ్లలో నీళ్లుంటాయి. నీళ్లతోపాటు ఆ పసుపూ మెల్లగా పల్లానికి నడిచింది. పల్లంలో మల్లమ్మ మెస్సు ఉంది.

మల్లమ్మది ములుగు దిక్కు. చాలాకాలంగా జూనియర్ ఆర్టిస్టులకి అన్నం పెట్టి బతుకుతోంది. పొద్దున యుద్ధంలో చచ్చిన సైనికులంతా మధ్యాహ్నం ఆమె మెస్సులో లేచి కూర్చుని మారన్నం అడుగుతారు. కొన్నేళ్ల కిందట ఆమె వండే అన్నం కొంచెం పసుపు రంగు తిరిగింది. బియ్యం మార్చింది, గిన్నె మార్చింది, అయినా అంతే. "పులిహోర చేసినవా మల్లమ్మా? చింతపండు మర్చిపోయినవ్" అని కుర్రాళ్లు ఏడిపించేవారు. చివరికి ఎవరో నీళ్లు పరీక్ష చేయిస్తే క్రోమియం అని తేలింది. ఆ రోజు నుంచి ఎవరూ ఏడిపించలేదు.

కాలుష్యం ఆఫీసు వాళ్లు వచ్చి ఆమె బోరు మీద ఎర్ర రంగుతో అడ్డగీత కొట్టి తాళం వేశారు. అంతా బాగుచేయించమని పట్టాభిరామయ్య గారికి నోటీసు ఇచ్చారు, అలా నాకు ఈ పని వచ్చింది. జనవరి మూడో వారంలో వచ్చి నీళ్లు పట్టుకెళ్తాం, పరీక్షలో నెగ్గితే తెరుస్తాం, నెగ్గకపోతే బోరు నిండా సిమెంటు పోసి శాశ్వతంగా మూసేస్తాం అన్నారు. మల్లమ్మ మెస్సు వెనక ఇంకో బోరు వేయించి చూసుకుంది. బండపొడి తప్ప చుక్క రాలేదు. ట్యాంకరు వాడు వాడికి బుద్ధి పుట్టినప్పుడు వస్తాడు. ట్యాంకరు రాని పూట పొయ్యి వెలగదు.

"గీ బోరు వోతె నేను పెట్టె సదురుకునుడే బిడ్డా," అని మొదటిరోజే నాతో చెప్పింది. "ఇంగో పని నాకు రాదు."

ఎందుకన్నానో తెలియదు, "మీ బోరు నేను తెరిపిస్తానక్కా" అనేశాను. ఇంజినీర్లు అలా మాటివ్వకూడదు. నేల మన మాట వింటుందన్న నమ్మకం ఏముంది?

ముందు మట్టి పని. తొట్టి ఉన్నచోట మనిషి లోతున తవ్వించాను. విషం పట్టిన మట్టిని సంచుల్లో కట్టించి, ఊరి బయట అలాంటి మట్టి కోసమే కట్టిన గుంటకి పంపించాను. తవ్వుతుంటే మట్టితోపాటు విరిగిన త్రిశూలాలు, సగం కిరీటం, ఎవరో రాక్షసుడి కోర ఒకటి బయటపడ్డాయి. ప్రతి ముక్కకీ పట్టాభిరామయ్య గారు లేచొచ్చి, "అమ్మాయ్, అది పారేయకు, అది మా నాన్నగారి చేతి పని" అనేవారు. "విషంలో నానిన పని బాబాయ్ గారూ" అని నేను లాక్కునేదాన్ని. ఒకరోజు ఆయన కోరని పంచెలో దాచుకుని పోతుంటే పట్టుకున్నాను.

మట్టిని మోసుకుపోవచ్చు గానీ, బండ పగుళ్లలోకి దిగిన నీళ్లని ఎవరు మోస్తారు? దానికే బెల్లం.

క్రోమియంలో రెండు రకాలు. ఒకటి పసుప్పచ్చది. అది నీళ్లలో కరిగి ఊరంతా తిరుగుతుంది, కడుపులోకి వెళితే పాడు చేస్తుంది. రెండోది ఆకుపచ్చది. అది ఉన్నచోటే రాయికి అంటుకుని కూర్చుంటుంది, ఎవరి జోలికీ రాదు. మొదటిదాన్ని రెండోదిగా మార్చాలి. విలన్‌ని చంపక్కర్లేదు, మంచివాణ్ణి చేసి ఒక మూల కూర్చోబెడితే చాలు. ఆ పని చేసిపెట్టే సూక్ష్మజీవులు నేలలోనే ఉంటాయి. వాటికి తీపి పెడితే తిని బలిసి, లోపలున్న ప్రాణవాయువునంతా వాడేసుకుని, ఇక గతిలేక ఆ పసుపు మీద పడతాయి. అందుకని షెడ్డు వెనక ఒక సన్నబోరు వేయించి, వారం వారం అందులో బెల్లం పాకం పోయడం మొదలుపెట్టాను. మల్లమ్మ దానికి 'తిండి బోరు' అని పేరు పెట్టింది.

"చిన్నప్పుడు నేను అడిగితే మా అమ్మ కూడా ఇంత బెల్లం పెట్టలేదు," అన్నారు పట్టాభిరామయ్య గారు మొదటి డ్రమ్ము చూసి.

పరీక్ష కోసం ఆఫీసు వాళ్లు నాకిచ్చిన తాళంచెవితో మల్లమ్మ బోరు తాళం తీసి, వారానికో సీసా నీళ్లు పట్టి మెస్సు కిటికీలో వరసగా పెట్టేదాన్ని. మొదటి సీసా పసుపు కలిపినట్టుంది. తర్వాత తర్వాత నిమ్మరసం రంగు. డిసెంబరు వచ్చేసరికి సీసాని తెల్లకాగితం ముందు పెట్టి, తల వంచి చూస్తే తప్ప రంగు తెలియడం లేదు. మల్లమ్మ గిన్నెలు తోముకుంటూ రోజుకు పదిసార్లు ఆ కిటికీ వైపు చూసేది. నేను కూడా అంతే.

బెల్లమున్న చోటికి ఎవరైనా వస్తారు. చీమలు వచ్చాయి. ఈగలు వచ్చాయి. డిసెంబరు నెలాఖరులో ఎక్సైజ్ వాళ్లు వచ్చారు.

ఆ రోజు ఒక వెబ్ సిరీస్‌కి పట్టాభిరామయ్య గారు పోలీసు డ్రెస్సులు ఇవ్వాలి. కొన్ని డ్రెస్సులు ముందే పంపారు, మిగతావి సరిచూసుకోవడానికి పదిమంది జూనియర్ ఆర్టిస్టులు వస్తారని సింహాసనంలో ఎదురుచూస్తున్నారు. నేను వెనక డ్రమ్ములో పాకం కలుపుతున్నాను. షెడ్డుకి ముందూ వెనకా తలుపులు తెరిచే ఉంటాయి కనుక నాకు గేటు దాకా కనబడుతుంది. ముగ్గురు మనుషులు ఖాకీ డ్రెస్సుల్లో గేటు తోసుకుని వడివడిగా వచ్చారు.

"ఇప్పుడా రావడం? మిగతావాళ్లేరి?" అన్నారు పట్టాభిరామయ్య గారు.

ముందున్నాయన ఆగాడు. నలభై దాటినవాడు, మీసం బాగుంది. "ఈడ నల్లబెల్లం దించినరని మాకు ఇన్ఫర్మేషన్ ఉంది."

"డైలాగు తర్వాత చెబుదువు గాని. ఏదీ, అటు తిరుగు. ఈ చొక్కా ఎవరిచ్చారయ్యా నీకు? భుజాలు దిగిపోయాయి."

"గవర్నమెంటు ఇచ్చింది."

"బాగుంది, టైమింగ్ ఉంది నీకు. నడకే బాలేదు నాయనా. రెయిడ్‌కి వచ్చేవాడు బస్సు పోతున్నట్టు అలా పరిగెత్తుకొస్తాడా? గేటు దగ్గర ఆగాలి. నిదానంగా చుట్టూ ఒక చూపు చూడాలి. అప్పుడు అడుగెయ్యాలి. వెళ్లు, బయటికెళ్లి మళ్లీ రా. వన్ మోర్!"

ఆ మనిషి ఏమన్నా అంటాడేమో అనుకున్నాను. వెనక్కి తిరిగి గేటు దాటి బయటికి వెళ్లాడు. మళ్లీ వచ్చాడు. గేటు దగ్గర ఆగాడు, చుట్టూ చూశాడు, అడుగు వేశాడు.

"ఇప్పుడు నయం," అన్నారు పట్టాభిరామయ్య గారు. అని, రెండో అతని చేతిలోని లాఠీ లాక్కుని రబ్బరు లాఠీ ఇచ్చారు. "ఇది పట్టుకో, షాట్‌లో ఎవరికీ దెబ్బ తగలదు."

మూడో అతను వాసన పట్టుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. నేను కూడా ఈ ఫిల్మ్‌నగర్ నీళ్లు తాగుతున్నదాన్నే కదా, నాకూ అనుమానం రాలేదు. రెండు చేతులకీ పాకం అంటుకుని ఉంది. "బాబూ, కాస్త ఈ గొట్టం పట్టుకో, బోరులోకి సన్నగా పోనీ," అని ఆయన చేతికిచ్చాను. పాపం, పట్టుకున్నాడు. ఎంత బుద్ధిగా పట్టుకున్నాడంటే, ఇంత పనిమంతుడికి వేషాలు రాకపోవడమేమిటి అని జాలిపడ్డాను కూడా.

అప్పుడు గేటు ముందు వ్యాను ఆగింది. ఏజెంటు దిగి, "పది మందిని తెచ్చిన సార్, లెక్క చూస్కోండ్రి" అని అరిచాడు. పదిమందీ దిగారు. పట్టాభిరామయ్య గారు వేలు చూపిస్తూ లెక్కపెట్టారు. తర్వాత ఈ ముగ్గురినీ చూశారు. నోట్లో వక్కపొడి నమలడం ఆగిపోయింది.

"మరి... తమరు?"

"ఎక్సైజ్ ఎస్సై తిరుమలేశ్."

పట్టాభిరామయ్య గారు బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయారు. ఆ జూనియర్ ఆర్టిస్టుల్లో ఒకడు నవ్వాడు. వాడు నవ్వకుండా ఉంటే ఎస్సై గారికి అంత కోపం వచ్చేది కాదని ఇప్పటికీ నా అనుమానం.

ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు.

"ఏందమ్మా ఇది?"

"బెల్లం పాకమండీ."

"ఎవరికి?"

"నేలలో ఉన్న సూక్ష్మజీవులకి."

"పులిసిన వాసనొస్తుంది."

"పులవాలండీ. వాటికదే ఇష్టం."

"మస్తు సర్వీసు చేసిన నేను. నల్లబెల్లం దొరికితె ఒకడు బర్రెలకన్నడు, ఒకడు బిడ్డ పెండ్లికన్నడు. నేలకు తినిపిస్తున్న అన్నది నువ్వొక్కదానివే. ఉత్త బెల్లమేనా, నేలకు నెయ్యి గిట్ల వోస్తలేవా?"

నాటుసారా కాసేవాళ్లు వాడేది నల్లబెల్లమేననీ, అది సంచులకొద్దీ కొంటే ఎక్సైజ్ వాళ్లకి తెలపాలనీ నా చదువులో ఎక్కడా చెప్పలేదు. బోరబండలో టోకు కొట్టుకి వెళ్లాను, చవగ్గా ఉంది, ఖనిజాలు ఎక్కువ ఉంటాయి, కొన్నాను. నేలలో బెల్లం పోయడానికి కాలుష్యం ఆఫీసు ఇచ్చిన అనుమతి చూపించాను. ఆయన అది చదివాడు. "ఇందుల బెల్లం అని రాసుంది. నల్లబెల్లం అని లేదు," అన్నాడు.

"సార్," అన్నాడు గొట్టం పట్టుకున్న కానిస్టేబుల్, "ఇది బంజెయ్యాల్నా?" అంతసేపూ సాక్ష్యాన్ని బోరులోకి సన్నగా పోస్తూనే ఉన్నాడు.

డ్రమ్ములు, సంచులు, కలిపే కర్ర, అన్నీ జీపెక్కాయి. ల్యాబుకి పంపిస్తాం, రిపోర్టు వచ్చాక చూస్తాం అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. "అప్పటిదాకా అవి పస్తులుంటే పని ఆపేస్తాయండీ! పైనుంచి దిగే పసుపు మళ్లీ మల్లమ్మక్క బోరులో పడుతుంది. నెల తిరక్కుండా పరీక్ష ఉంది. అర్థమవుతోందా మీకు?" అని అరిచాను.

"నీ పురుగులకు బెయిలు నా చేతుల లేదు మేడం," అని తిరుమలేశ్ జీపెక్కాడు. రబ్బరు లాఠీ కూడా పట్టుకెళ్లిపోయారు. అసలు లాఠీ సింహాసనం పక్కనే ఉండిపోయింది.

జీపు వెళ్లాక నేను పట్టాభిరామయ్య గారి మీద పడ్డాను. "మీ నాన్నగారు నీళ్లు పాడుచేశారు, మీరు పని పాడుచేశారు. ఎక్సైజ్ ఎస్సైని పట్టుకుని వన్ మోర్ అంటారా?" అన్నాను. పెద్దాయన తల వంచుకుని విన్నారు. చివరికి, "తప్పేనమ్మాయ్. కానీ ఆ నడక నిజంగానే బాలేదు" అన్నారు. నవ్వొచ్చింది. నవ్వినందుకు ఇంకా కోపం వచ్చింది.

మర్నాడు కొట్లన్నీ తిరిగాను. నా స్కూటరు చూడగానే టోకు కొట్టువాడు షట్టరు సగం దించాడు. నల్లది వద్దు, తెల్లదే ఇవ్వమన్నా ఇవ్వలేదు. ఇంకో కొట్టులో "పాయసానికైతే ఒక కిలో ఇస్త మేడం, ఎక్కువ అడగకుండ్రి" అన్నారు. కిలో బెల్లం కోట్ల ప్రాణాలకి ఏ మూలకి? చక్కెర పోద్దామంటే మళ్లీ కొత్తగా అనుమతి రాయించాలి. ఆ వారం మల్లమ్మ బోరు నుంచి తీసిన సీసాని తెల్లకాగితం ముందు పెట్టాను. ఈసారి తల వంచి చూడాల్సిన పని లేకపోయింది. లేత పసుపు తిరిగి వస్తోంది. మల్లమ్మ కూడా చూసింది. సీసాని వరసలో పెట్టి, వెళ్లి ఉల్లిగడ్డలు కోసుకుంది. నాకు ఏడుపొచ్చింది. నేలకిచ్చిన మాట కాదు కదా, మనిషికిచ్చిన మాట.

తెల్లారి నేను వెళ్లేసరికి షెడ్డు వెనక తిండి బోరు పక్కన తోపుడు బండి ఆగి ఉంది. బండి మీద వెదురు బుట్టలు, వాటి మీద పసుపు రాసిన గుడ్డ. మల్లమ్మ కొంగు నడుముకి చుట్టి బుట్టలు దించుతోంది. గుడ్డ తీస్తే బెల్లం. మేలురకం, బంగారు రంగు.

"ఇదెక్కడిది అక్కా?"

"నాదే. ఎత్తు బంగారం."

మేడారం జాతర సంగతి నాకు కొంచెం తెలుసు. సమ్మక్క సారలమ్మలకి మొక్కుకున్నవాళ్లు తమ ఎత్తు బెల్లం తూచి సమర్పిస్తారు. దాన్ని బెల్లమనరు, బంగారమంటారు. బోరు తెరుచుకుంటే నిలువెత్తు బంగారం పెడతానని మల్లమ్మ మొక్కుకుందట. జాతర రెండేళ్లకోసారి గానీ రాదు. ఈసారి జనవరి ఆఖరుకే. బోరు ఎలాగూ తెరుచుకుంటుందన్న ధీమాతో, ఆలస్యమైతే దొరకదని, సారాకి పోకుండా కొట్టువాళ్లు కొన్నవాళ్ల పేర్లు రాసుకుంటారు కనుక ఆధార్ కార్డు రాయించి మరీ ముందే తెచ్చి పెట్టుకుంది. ఎవరి మాట నమ్మి అంత ధీమా? నా మాట.

"వద్దక్కా. ఇది అమ్మవారిది."

"ఇంగ ఇయ్యలేదు గద, నాదే. నేను మొక్కింది దేనికి? బోరు కోసమే గద."

"మరి జాతరకి?"

మల్లమ్మ బెల్లం దిమ్మని రాయి మీద పెట్టి పగలగొట్టింది. "తల్లి అడివిల మట్టి గద్దె మీద ఉంటది బిడ్డా. ఆ మట్టి ఆమెది, గీ మట్టి ఇంగెవలదన్నానా? ఆమె ఆగుతది. నీ పురుగులు ఆగయి. నీళ్లు వెట్టు, కరగవోద్దాం."

నేను పాస్టరు కూతుర్ని. ఆ క్షణంలో నాకు గద్దె అంటే ఏమిటో, బలిపీఠం అంటే ఏమిటో తేడా తెలియలేదు. ఆ సంగతి దాచడానికి గట్టిగా "నీళ్లు పెట్టండి!" అని అరిచాను.

కలిపే కర్రని ఎక్సైజ్ వాళ్లు పట్టుకెళ్లారు కదా, పట్టాభిరామయ్య గారు పరుగున లోపలికెళ్లి ధగధగ మెరిసే గద తెచ్చి డ్రమ్ములో పెట్టబోయారు. "క్రోమ్ పూత గద!" అని నేను కేక పెట్టేసరికి హడలిపోయి వెనక్కి తీశారు. మళ్లీ వెళ్లి చెక్క గద తెచ్చారు. ఆ డెబ్బై దాటిన మనిషి పంచె ఎగ్గట్టి, గద తిరగేసి పట్టుకుని, మల్లమ్మ వద్దంటున్నా వినకుండా అదంతా తనే కలిపారు. చెమటతో చొక్కా తడిసిపోయింది. "మా నాన్నగారు ఒక్కొక్క కత్తినీ ఇలాగే ముంచేవారు," అన్నారు ఒకసారి.

ఇంటికెళ్లి చెబితే మా నాన్న, "ఆవిడ అభ్యంతరం చెప్పకపోతే ఆ బోరు దగ్గర నేను కూడా ఒక ప్రార్థన చేస్తాను" అన్నారు. మల్లమ్మని అడిగాను. "జెయ్యుమను. ఎవలు జేసినా నీళ్లకే గద," అంది.

ఒక వారం గడిచాక తిరుమలేశ్ వచ్చాడు. జీపు లేదు, ఖాకీ లేదు, గళ్ల చొక్కా. గేటు దగ్గర ఆగాడు. నిదానంగా చుట్టూ చూశాడు. అప్పుడు అడుగు వేశాడు.

"ఇదీ నడకంటే!" అన్నారు పట్టాభిరామయ్య గారు ఉండబట్టలేక.

తిరుమలేశ్ సిగ్గుపడ్డాడు. రిపోర్టు వచ్చిందట. సారా కాయడానికి కాదని తేలిందట. సంచులు వెనక ఆటోలో వస్తున్నాయన్నాడు. రబ్బరు లాఠీ చేతిలోనే ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి, అసలు మాట బయటపెట్టాడు. పద్దెనిమిదో ఏట ఫొటోలు పట్టుకుని ఇదే ఫిల్మ్‌నగర్‌లో గేటు గేటూ తిరిగాడట. ఎవరూ లోపలికి రానివ్వలేదు. అందుకే ఆ రోజు 'వన్ మోర్' అని వినబడగానే కాళ్లు వాటంతటవే వెనక్కి నడిచాయట. "ఇన్నేండ్లకు ఒకలు నా నడక చూసిన్రు సార్. కోపమొచ్చింది గని, ఇంటికి వొయ్యి అద్దం ముంగట మల్ల నడిచిన," అన్నాడు.

నాకు ఆయన మీద ఇంకా కోపమే. కాబట్టి చేయి పట్టుకుని మల్లమ్మ మెస్సుకి లాక్కెళ్లి కిటికీలో సీసాలు చూపించాను. పసుపు, నిమ్మరసం, దాదాపు నీళ్లు, మళ్లీ పసుపు. "ఈ మళ్లీ పసుపు మీ పుణ్యమే," అన్నాను. ఆ తర్వాత ఏ బెల్లం పోశామో, అది ఎవరిదో చెప్పాను. తిరుమలేశ్‌ది కూడా ములుగు పక్కనే, వరంగల్ దిక్కు. మొక్కు బంగారం అనగానే చెప్పులు విప్పేశాడు. ఎవరూ విప్పమనలేదు.

జనవరి మూడో వారంలో కాలుష్యం ఆఫీసు వాళ్లు వచ్చి తాళం తీశారు, సీసాలు నింపుకున్నారు, మళ్లీ తాళం వేసి వెళ్లిపోయారు. వాళ్ల ముఖాలు చూసి ఏమైనా చెప్పొచ్చేమోనని మల్లమ్మ వెంట వెంట తిరిగింది. ఆ ముఖాల్లో ఏమీ ఉండదని నాకు తెలుసు, అయినా నేనూ తిరిగాను. ఆ కొద్ది రోజులూ నేను అన్నం తిన్నానో లేదో మా అమ్మని అడగాలి.

ఫోను వచ్చినప్పుడు నేను మెస్సులోనే ఉన్నాను. పరీక్షలో నెగ్గింది. మల్లమ్మ వైపు తిరిగాను. తల ఊపాను. మల్లమ్మకి అది చాలింది. "ఎసరు వెట్టాలె," అంది.

బోరు తాళం తీసిన రోజు మోటారు వేసి, మొదట వచ్చిన నీళ్లని చాలాసేపు వదిలేసి, నేను సరేనన్నాక ఆ నీళ్లతో అన్నం వండింది. మధ్యాహ్నం ఆర్టిస్టులంతా వచ్చారు. ఆ వెబ్ సిరీస్ పోలీసులు, ఎక్కడినుంచో వచ్చిన ఇద్దరు మంత్రులు, మధ్యలో గళ్ల చొక్కాతో తిరుమలేశ్. పట్టాభిరామయ్య గారు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. మల్లమ్మ లోపలికి రమ్మని పిలిచి, విస్తరి వేసి, మొదటి అన్నం ఆయనకే పెట్టింది.

తెల్లటి అన్నం. పొగలు వస్తున్నాయి. ఆయన దాన్ని చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఎవరి వైపూ చూడకుండా, "మా వల్ల ఇన్నాళ్లూ నీ పొయ్యి చల్లారిందమ్మా, మల్లమ్మా. క్షమించు" అన్నారు.

"తిను సారు, సల్లారుతది," అంది మల్లమ్మ.

ఆయన తిన్నారు. అప్పుడు ఆ పోలీసు వేషగాళ్లలో ఒకడు, ఆ రోజు నవ్వినవాడే, గట్టిగా అరిచాడు. "ఏంది మల్లమ్మా గిది, తెల్లగుంది? మాకు పులిహోర గావాలె!" మల్లమ్మ గరిటె తీసుకుని వాడి వెంటపడింది. వాడు బల్లల చుట్టూ పరిగెత్తాడు. నవ్వి నవ్వి ఆమె ఒక చోట ఆగి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపు తీయలేదు. ఆ పూట అందరూ మారన్నం అడిగారు, రెండోసారి ఎసరు పెట్టాల్సి వచ్చింది.

ఇక మొక్కు మిగిలింది. జాతర ఇంకో నాలుగు రోజుల్లో ఉందనగా తిరుమలేశ్ తన పేరు మీదే రాయించి మేలురకం బెల్లం తెచ్చాడు. ఆ ఖర్చు నాదంటే నాదని పట్టాభిరామయ్య గారు ఆయనతో కొట్లాడి గెలిచారు. తూచడానికి షెడ్డులోంచి తులాభారం తక్కెడ తీయించారు. ఆకాశమంత తక్కెడ, బంగారు రంగు గొలుసులు. మల్లమ్మని ఒక పళ్లెంలో కూర్చోబెట్టి రెండో దాంట్లో ఒక్క బెల్లం ముక్క వేయగానే ఆమె గాల్లోకి లేచిపోయింది. వెనక తాడు ఒకటుంటుందని, దాన్ని ఎవరో లాగితేనే తక్కెడ మొగ్గుతుందని పట్టాభిరామయ్య గారికి అప్పుడు గుర్తొచ్చింది. లాగింది తిరుమలేశ్. దించమని మల్లమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. చివరికి పాత సామాన్ల కొట్టు నుంచి అసలు కాటా తెప్పించి తూచాం.

బుట్టలు సర్దుకుని, పసుపు గుడ్డ కప్పబోతూ మల్లమ్మ ఆగింది. పైనున్న ఒక చిన్న ముక్క తీసుకుంది. షెడ్డు వెనక్కి నడిచింది. నేను వెంట వెళ్లాను. తిండి బోరు మూత తీసి, ఆ ముక్కని లోపల వేసి, చెవి ఒగ్గి విన్నది. చాలా కిందనుంచి చిన్న చప్పుడు వచ్చింది.

"ఎత్తు తగ్గుతుందేమో అక్కా," అన్నాను.

"తగ్గితె తగ్గనీ," అని మూత పెట్టింది. "ఇవి జాతరకు రాలేవు గద."